టి. క్రూజీ మీద పని మొదలుపెట్టేవాళ్లకు: ఏ రూపం, ఏ స్ట్రెయిన్, ఏ ఎలుక?

చాగస్ వ్యాధి (టి. క్రూజీ అనే పరాన్నజీవి వల్ల వచ్చేది) ల్యాబ్‌లో సీటు వచ్చిందని చెప్పి ఏటా ఒకరిద్దరు తెలుగు స్టూడెంట్లు నాకు ఫోన్ చేస్తుంటారు, ఎక్కువమంది అమెరికా వెళ్తున్నవాళ్లే, ఈమధ్య లండన్, బార్సిలోనా వెళ్తున్నవాళ్లు కూడా. అందరి టెన్షన్ ఒకటే. ల్యాబ్ ఫ్రీజర్‌లో పది రకాల స్ట్రెయిన్లు (ఒకే పరాన్నజీవిలో వేర్వేరు వంశాలు) ఉంటాయి, అడ్వైజర్ "నీ ప్రాజెక్టుకు ఏది సరిపోతుందో నువ్వే చూసుకో" అంటారు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. పేపర్లు తిరగేస్తే ఒక్కో ల్యాబ్ ఒక్కో స్ట్రెయిన్, ఒక్కో రకం కణాలు, ఒక్కో జాతి ఎలుక వాడి ఉంటుంది. అవే ఎందుకు వాడారన్నది మాత్రం చాలా పేపర్లలో కనిపించదు. ఫోన్‌లో గంటసేపు చెప్పే ఆ సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏది తేలిగ్గా పెరుగుతుందో చూసి ఎంచుకోకండి. రోగి గుండెలో ఏళ్ల తరబడి దాక్కుని ఉండే పరాన్నజీవికి ఏది దగ్గరగా ఉంటుందో చూసి ఎంచుకోండి. మొదటి ఏడాది ఇది మిమ్మల్ని బాగా ఇబ్బంది పెడుతుంది, పక్క బెంచీవాళ్ల దగ్గర డేటా గుట్టలుగా ఉంటుంది, మీ దగ్గర ఉండదు. అయినా ఇదే చేయమంటాను, ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

జబ్బు గురించి రెండు ముక్కలు, ఎంపికలన్నీ అక్కడి నుంచే వస్తాయి కాబట్టి. బ్రెజిల్‌లో మినాస్ జెరాయిస్ రాష్ట్రం, లసాన్స్ అనే ఊరికి రైల్వే లైను కూలీల మలేరియా చూడ్డానికి వెళ్లిన డాక్టర్ కార్లోస్ చాగస్, ఇళ్ల గోడల పగుళ్లలో దాక్కుని రాత్రిళ్లు రక్తం తాగే పురుగుల పేగుల్లో ఈ పరాన్నజీవిని చూశాడు, 1909 ఏప్రిల్‌లో బెరెనీస్ అనే చిన్నపిల్ల రక్తంలోనూ దొరికింది. తన గురువు ఓస్వాల్డో క్రూజ్ పేరు మీద దానికి ట్రిపనోసోమా క్రూజీ అని పేరు పెట్టాడు. పురుగు కుట్టడం వల్ల రాదు ఇది, కుట్టిన చోట పురుగు వేసిన మలాన్ని మనం నిద్రలో గోక్కుని లోపలికి పంపించుకుంటాం. తల్లి నుంచి బిడ్డకు వస్తుంది, రక్తం ఎక్కించినప్పుడు వస్తుంది, పురుగు నలిగిపోయి కలిసిన చెరకు రసం, అసాయీ పళ్ల రసం తాగినా వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో దాదాపు 70 లక్షల మందిలో ఉంది, ఎక్కువమంది లాటిన్ అమెరికావాళ్లు. మొదటి రెండు నెలలు రక్తంలో సూక్ష్మదర్శిని కింద కనిపిస్తుంది, తర్వాత పోయిందేమో అనిపిస్తుంది, కానీ పోదు, కండరాల కణాల్లో చేరి కూర్చుంటుంది. పదేళ్లకో ముప్పై ఏళ్లకో నూటికి ముప్పై మంది దాకా గుండె జబ్బుతో బయటపడతారు, కొందరికి అన్నవాహిక, పెద్దపేగు సాగిపోతాయి. మనం చంపాల్సింది ఆ కూర్చున్నదాన్ని.

ముందు రూపం సంగతి

ల్యాబ్‌లో మీ చేతికి వచ్చే రూపాలు మూడు. ఎపిమాస్టిగోట్ పురుగు పేగులో ఉండేది, 28 డిగ్రీల దగ్గర లిట్ అనే మీడియంలో (కాలేయపు సారం, ట్రిప్టోజ్, సీరం, హీమిన్ కలిపి చేసేది) వేస్తే దాదాపు రోజుకోసారి రెట్టింపు అవుతుంది, వేరే కణాలు అక్కర్లేదు, ఖర్చు తక్కువ, శుక్రవారం సాయంత్రం కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చి సోమవారం వచ్చి చూసుకోవచ్చు. ట్రిపోమాస్టిగోట్ రక్తంలో ఈదుతూ కణాల్లోకి దూరేది, అది విభజన చెందదు. అమాస్టిగోట్ కణం లోపల గుండ్రంగా ఉండి పెరిగేది, నాలుగైదు రోజుల్లో కణం నిండిపోయి పగిలితే మళ్లీ ట్రిపోలు బయటికి వస్తాయి. మనిషి ఒంట్లో జబ్బును నడిపించేవి ఈ చివరి రెండూ.

ఇంత తెలిసి కూడా చాలామంది ఎపిలతో మొదలుపెడతారు. నేనూ అలాగే చేశాను. చేరిన కొత్తలో ఒక కాంపౌండ్ల సెట్‌ను ఏడు నెలలు ఎపిల మీద పరీక్షించాను, రెండు చాలా బాగా పనిచేశాయి, ఆ గ్రాఫులు చూసుకుంటే కడుపు నిండినట్టుండేది. తర్వాత వాటినే అమాస్టిగోట్ల మీద వేస్తే ఒకటి అసలు పనిచేయలేదు, రెండోది పరాన్నజీవి కంటే ముందు అది ఉన్న కణాన్నే చంపేసింది. ఏడు నెలలు పోయాయి. ఆలోచిస్తే కారణం కష్టమైనదేమీ కాదు: పురుగు పేగులో దొరికే తిండి వేరు, అక్కడ ఎపి ప్రోలిన్, హిస్టిడిన్ లాంటి ఎమినో ఆమ్లాలు బాగా వాడుకుంటుంది, మన కణం లోపల అమాస్టిగోట్ కొవ్వు ఆమ్లాల మీద కూడా బతుకుతుంది, పైగా మందు ముందు మన కణం పొర దాటాలి, తర్వాత పరాన్నజీవి పొర దాటాలి. ఒకచోట పనిచేసింది రెండోచోట పనిచేయాలని ఎక్కడా లేదు.

కాబట్టి మందుల ప్రాజెక్టు అయితే మొదటి రోజు నుంచే అమాస్టిగోట్లు. ఎపిలు పనికిరావని అనడం లేదు, జన్యు మార్పులు చేయాలంటే వాటిలోనే చేయాలి, ప్రొటీన్ ఎక్కువ మొత్తంలో కావాలన్నా, డీఎన్ఏ తీయాలన్నా అవే దిక్కు. పురుగు లోపల పరాన్నజీవి ఎలా రూపం మారుతుందో అన్నదే మీ ప్రశ్న అయితే ఎపిలే అసలు విషయం, అప్పుడు డీఎం28సీ అనే క్లోన్ (ఒకే కణం నుంచి పెంచిన వంశం) తీసుకోండి, ఆకలికి మాడ్చే టీఏయూ మీడియంలో పెడితే అది బాగా మెటాసైక్లిక్ రూపంలోకి (పురుగు మలంతో బయటికి వచ్చి మనకు అంటుకునే ట్రిపో) మారుతుంది, మిగతా చాలా స్ట్రెయిన్లు ఆ విషయంలో మొండికేస్తాయి.

ఆపేస్తుందా, చంపేస్తుందా

ఈ ప్రశ్న మీ పరీక్షలో లేకపోతే మిగతాదంతా ఎంత బాగా చేసినా లాభం లేదని నాకు గట్టి నమ్మకం. పోసాకొనజోల్ కథ తెలుసుకోండి. ఫంగస్ మందు అది, పరాన్నజీవి తన పొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ తయారుచేసుకునే దారిలో సీవైపీ51 అనే ఎంజైమును ఆపుతుంది. ఫ్లాస్క్‌లో అతి తక్కువ మోతాదుకే పనిచేసింది, ఎలుకల్లో నయం చేసినట్టు కనిపించింది, అందరూ ఇక మందు దొరికిందనుకున్నారు. 2014లో స్పెయిన్ నుంచి 78 మంది రోగుల ట్రయల్ ఫలితాలు వచ్చాయి. మందు వాడుతున్నన్నాళ్లూ పీసీఆర్‌లో (డీఎన్ఏ ఆనవాలు పట్టే పరీక్ష) పరాన్నజీవి కనిపించలేదు, ఆపాక తిరిగి వచ్చేసింది: తక్కువ డోసు పోసాకొనజోల్ తీసుకున్నవాళ్లలో 92 శాతం మందికి, ఎక్కువ డోసు వాళ్లలో 81 శాతం మందికి చికిత్స ఫెయిలైంది, పాత మందు బెంజ్‌నిడజోల్‌తో అది 38 శాతం. అదే కుటుంబానికి చెందిన రావుకొనజోల్ మందు మీద బొలీవియాలో జరిగిన ట్రయల్లోనూ ఇదే జరిగింది, చికిత్స అయిపోయేసరికి బాగానే ఉంది, ఏడాదికి చాలామందిలో మళ్లీ కనిపించింది.

ఆ మందులు తీసుకున్నవాళ్లలో చాలామంది ఏళ్లుగా ఈ జబ్బుతో ఉన్నవాళ్లు, ఎంత ఆశతో వచ్చి ఉంటారో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ బాధనిపిస్తుంది. మనం ఫ్లాస్క్‌లో అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అడగలేదు. మూడు రోజులు మందు వేసి ఎన్ని పరాన్నజీవులు మిగిలాయో లెక్కపెడితే, పెరగకుండా ఆగినవీ చచ్చినవీ ఒకేలా కనిపిస్తాయి. అజోల్ మందులు (పోసాకొనజోల్ కుటుంబం) ఎంత ఎక్కువ వేసినా కొన్ని మిగిలేవి, గ్రాఫు సున్నా దాకా దిగకుండా మధ్యలోనే ఆగిపోయేది, అది అప్పుడే ఒక హెచ్చరిక.

2018లో జార్జియా యూనివర్సిటీ ల్యాబ్ చూపించింది ఇంకా కలవరపెట్టేది: కొన్ని అమాస్టిగోట్లు తమంతట తామే విభజన ఆపేసి నిద్రపోయినట్టు ఉండిపోతాయి, 30 రోజుల దాకా బెంజ్‌నిడజోల్‌లో ఉంచినా అలాంటివి కొన్ని బతికి మళ్లీ లేచాయి.

అందుకే రెండు పరీక్షల మధ్య ఎంచుకోమంటే ఇలా చెప్తాను. మూడు రోజుల పరీక్ష వేల కాంపౌండ్లను వడపోయడానికి పెట్టుకోండి, అంతవరకే. అందులో నెగ్గిన ప్రతి కాంపౌండ్‌కీ వాష్ఔట్ చేయండి, అంటే మందు వేసి రెండు వారాలకు తక్కువ కాకుండా ఉంచి, కడిగేసి, మందు లేని మీడియంలో ఇంకొన్ని వారాలు ఓపిగ్గా చూడటం. ఫ్లాస్క్‌లో ఒక్క ట్రిపో ఈదుతూ కనిపించినా ఆ కాంపౌండ్ ఫెయిలే. చాలా విసుగు పుట్టించే పని, రెండు నెలలకు ఒక గ్రాఫు వస్తుంది. కానీ పోసాకొనజోల్ ఈ పరీక్షలో నెగ్గదు, ఆ ఒక్కటి చాలు దాని విలువ చెప్పడానికి. ఇంకో మాట, పోసాకొనజోల్‌ను మీ పరీక్షలో ఎప్పుడూ ఫెయిల్ కావాల్సిన కంట్రోల్‌గా పెట్టుకోండి. అది పాసైందంటే పరీక్షలోనే లోపం ఉంది.

స్ట్రెయిన్ ఎంపిక

టి. క్రూజీ అంటే ఒకటే జీవి అనుకోకండి. 2009 నుంచి దీన్ని టీసీ1 నుంచి టీసీ6 దాకా ఆరు గుంపులుగా, గబ్బిలాల్లో దొరికే టీసీ బ్యాట్‌తో కలిపి ఏడుగా చెప్తున్నారు. టీసీ1 అమెజాన్, మధ్య అమెరికా, అమెరికా సంయుక్త రాష్ట్రాల దాకా ఉంటుంది, 2, 5, 6 దక్షిణాన అర్జెంటీనా, బొలీవియా, చిలీ, దక్షిణ బ్రెజిల్ వైపు ఎక్కువ, పెద్దపేగు సాగిపోయే జబ్బు కూడా ఆ వైపే ఎక్కువ చూస్తారు. కాబట్టి ఒక్క స్ట్రెయిన్ మీద చేసిన పని మొత్తం జబ్బుకు వర్తిస్తుందని రాస్తే రివ్యూవర్ ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా.

అందరూ వాడేవి నాలుగైదు. సీఎల్ బ్రెనర్ (టీసీ6) జన్యుపటం 2005లో వచ్చింది, టి. బ్రూసీ (ఆఫ్రికా నిద్ర జబ్బు తెచ్చేది), లీష్మానియా మేజర్ (చర్మపు పుండ్లు తెచ్చే ఇంకో పరాన్నజీవి) పటాలతో కలిపి ఒకేసారి. అందరి దగ్గరా ఉంటుంది, పాత డేటా అంతా దీని మీదే. ఇబ్బంది ఏంటంటే ఇది రెండు గుంపులు కలిసి పుట్టిన హైబ్రిడ్, జన్యుపటంలో సగానికి పైగా ఒకేలాంటి ముక్కలు మళ్లీ మళ్లీ వస్తాయి, మీ జన్యువు ఎన్ని కాపీలుందో తేల్చుకోవడానికే నెల పడుతుంది. జన్యువుల పని చేసేవాళ్లకు నేను దీన్ని సిఫార్సు చేయను. సిల్వియో ఎక్స్10 గానీ డీఎం28సీ గానీ (రెండూ టీసీ1) తీసుకోండి, హైబ్రిడ్లు కావు, డీఎం28సీకి డీఎన్ఏను పొడుగు ముక్కలుగా చదివి చేసిన మంచి జన్యుపటం 2018 నుంచి ఉంది. డీఎం అన్న రెండక్షరాలు అపోసమ్ లాటిన్ పేరువి, వెనిజులాలో ఆ జంతువు నుంచి తీశారు దీన్ని.

మందుల పరీక్షకు పాతకాలం నుంచి ఉన్న ట్యులహుయెన్ (టీసీ6) స్ట్రెయిన్‌లో బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైము పెట్టినది ఉంది, 1996లో చేసింది, రంగు మారుతుంది, ప్లేట్ రీడర్‌లో పెడితే అంకె వచ్చేస్తుంది. వేగం కావాలంటే ఇది, నమ్మకం కావాలంటే సూక్ష్మదర్శిని కింద బొమ్మలు తీసి కణానికి ఎన్ని అమాస్టిగోట్లు ఉన్నాయో లెక్కపెట్టడం. నేను రెండోదాని వైపే, ఎందుకంటే కణం చచ్చిపోయిందా పరాన్నజీవి చచ్చిపోయిందా అన్నది బొమ్మలో కళ్లకు కనిపిస్తుంది.

ఒక మందు ఆశ కలిగించేలా ఉంటే దాన్ని తప్పకుండా కొలంబియన్ స్ట్రెయిన్ మీద వేయండి. బెంజ్‌నిడజోల్‌కీ నిఫుర్టిమాక్స్‌కీ రెండింటికీ లొంగని మొండిది అది, వై స్ట్రెయిన్ మధ్యస్థం, సీఎల్ తేలిగ్గా లొంగుతుంది. సీఎల్ మీద మాత్రమే పరీక్షించిన మందు గురించి నాకు ఎవరైనా ఉత్సాహంగా చెప్తే నేను మొదట అడిగేది కొలంబియన్ సంగతే.

మరీ ముఖ్యమైంది ఇంకొకటి. ఏ స్ట్రెయిన్ తీసుకున్నా ఫ్రీజర్ ట్యూబు మీది పేరును నమ్మకండి. ఏళ్ల తరబడి చేతులు మారిన ట్యూబులు అవి, కలిసిపోయి ఉంటాయి, పేరు ఒకటి లోపలిది ఒకటి ఉన్నవి నేను చూశాను. చేరిన మొదటి నెలలోనే పీసీఆర్‌తో గుంపు ఏదో తేల్చుకుని, ముప్పై నలభై ట్యూబులు ఒకేసారి ఫ్రీజ్ చేసి పెట్టుకోండి. ఫ్లాస్క్‌లో ఏడాదంతా తిప్పిన ఎపిలకు ఎలుకల్లో జబ్బు తెచ్చే శక్తి తగ్గిపోతుంది, మెటాసైక్లిక్‌లు కూడా సరిగ్గా రావు.

ఆతిథేయ కణాలు

ఇక్కడ ఎక్కువ చెప్పేది లేదు. వెరో, ఎల్ఎల్‌సీ ఎంకే2 అనేవి కోతి కిడ్నీ కణాలు, ట్రిపోలు ఎక్కువ మొత్తంలో తయారు చేసుకోవడానికి అవి చాలు. వారాల తరబడి నడిచే పరీక్షలకు మాత్రం వద్దు, అవి ఆగకుండా విభజన చెంది మీద మీద పెరిగిపోతాయి, పరాన్నజీవులు తగ్గాయా కణాలు పెరిగాయా అన్నది తేలదు. సీరం 2 శాతానికి తగ్గించి కొంతవరకు నెట్టుకురావచ్చు, లేదా పక్కపక్క కణాలు తాకగానే పెరగడం ఆపేసే మనిషి చర్మపు ఫైబ్రోబ్లాస్టులు వాడండి. గుండె గురించి రాయాలనుకుంటే ఎలుక హెచ్9సీ2 కణాలతో సరిపెట్టుకోకుండా, బడ్జెట్ ఉన్న ల్యాబ్ అయితే స్టెమ్ సెల్స్ నుంచి చేసిన మనిషి గుండె కణాలు అడగండి.

జన్యువును తీసేయడం

టి. బ్రూసీ ల్యాబ్ నుంచి వచ్చినవాళ్లు ఆర్ఎన్ఏఐ (జన్యువును తీయకుండా దాని పని ఆపే పద్ధతి) చేద్దామంటారు. టి. క్రూజీలో ఆ యంత్రాంగమే లేదు, ఆ దారి మూసుకుపోయింది. ఇంతకుముందు ఒక్క జన్యువు రెండు కాపీలూ తీసేయడానికి ఏడాది పట్టేది, 2014, 2015లో క్రిస్పర్ (గైడ్ ఆర్ఎన్ఏ చూపించిన చోట కాస్9 అనే ప్రొటీన్ డీఎన్ఏను కత్తిరించే పద్ధతి) వచ్చాక నెలల్లో అవుతోంది. ఇందులో రెండు దారులు. కాస్9ను పరాన్నజీవి లోపలే ఎప్పుడూ తయారయ్యేలా ప్లాస్మిడ్ పెట్టడం ఒకటి, బయట తయారుచేసిన కాస్9 ప్రొటీన్, గైడ్ ఆర్ఎన్ఏ కలిపి నేరుగా లోపలికి పంపడం రెండోది, 2017 నుంచి వాడుకలో ఉంది. చాలా జన్యువులు చూడాలంటే మొదటిది, ఒకే స్ట్రెయిన్‌లో రెండు మూడు జన్యువులు త్వరగా తీసి చూడాలంటే రెండోది, మందు నిరోధక మార్కర్ అవసరం కూడా ఉండదు, కాస్9 లోపల మిగిలిపోయి ఇబ్బంది పెట్టడం ఉండదు. ఏది ఎంచుకున్నా అతికించే డీఎన్ఏ ముక్క తప్పకుండా ఇవ్వండి, ఇవ్వకపోతే ఈ జీవి తెగిన చివరలను చిన్న చిన్న పోలికలు వెతుక్కుని అతికించుకుంటుంది, ఒక్కో క్లోన్‌లో ఒక్కో సైజు ముక్క ఎగిరిపోతుంది.

జన్యువు తీసేసినా ఎపిలు బాగానే పెరుగుతున్నాయని అది అనవసరమైన జన్యువని రాయొద్దు. పురుగు దశలో అక్కర్లేనిది అమాస్టిగోట్‌కు ప్రాణం కావచ్చు.

ఎలుకల దగ్గర తొందరపడకండి

ఖర్చు, సమయం, ప్రాణులు, అన్నీ ఎక్కువ పోయేది ఇక్కడే. వై స్ట్రెయిన్ ఎక్కించిన ఎలుకల్లో వారం పది రోజుల్లో రక్తం నిండా పరాన్నజీవులు కనిపిస్తాయి, మందు ఇస్తే తగ్గుతాయి, నెలలో పేపర్ బొమ్మ తయారు. దీన్ని తీవ్రదశ మోడల్ అంటారు. దీర్ఘకాలిక మోడల్‌లో ఎలుకలకు పరాన్నజీవిని ఎక్కించి మూడు నాలుగు నెలలు ఎదురుచూసి, రక్తంలో ఏమీ కనిపించని స్థితికి వచ్చాక మందు మొదలుపెట్టాలి. రోగులు మన దగ్గరికి వచ్చేది ఆ స్థితిలోనే. మందు ప్రాజెక్టుకు నేను దీర్ఘకాలిక మోడలే చేయమంటాను, తీవ్రదశ మోడల్ మోతాదు తేల్చుకోవడానికి ఒక మెట్టు మాత్రమే.

రక్తం చుక్కలో పరాన్నజీవుల్ని లెక్కపెట్టడం, పీసీఆర్, వెలుగు బొమ్మ, ఈ మూడింటిలో దేన్ని నమ్మాలి? దీర్ఘకాలిక దశలో మొదటిది పూర్తిగా వదిలేయండి. రక్తం పీసీఆర్ కూడా ఒక్కసారి నెగెటివ్ వస్తే ఏమీ చెప్పదు, పరాన్నజీవి రక్తంలోకి వస్తూ పోతూ ఉంటుంది. ఎరుపు వెలుగు వచ్చేలా మార్చిన లూసిఫరేజ్ అనే ఎంజైము పెట్టిన సీఎల్ బ్రెనర్ స్ట్రెయిన్‌ను లండన్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్ వాళ్లు తయారు చేశారు, ఎలుకకు లూసిఫెరిన్ ఇస్తే పరాన్నజీవి ఒంట్లో ఎక్కడుందో కెమెరాలో వెలుగుతుంది, అదే ఎలుకను నెలల తరబడి చూడొచ్చు, కాబట్టి తక్కువ ఎలుకలతో పని అవుతుంది. దీనితోనే ఎవరూ ఊహించని విషయం బయటపడింది: ఎలుకల్లో దీర్ఘకాలిక దశలో పరాన్నజీవి ఎక్కువగా ఉండేది పెద్దపేగు, పొట్ట దగ్గర, గుండెలో అప్పుడప్పుడే కనిపిస్తుంది. ఎలుకల్లో పోసాకొనజోల్ నయం చేయలేకపోవడం కూడా ఈ పద్ధతి స్పష్టంగా చూపించింది, ముందే ఉండి ఉంటే ఆ ట్రయల్స్ వేరేలా జరిగేవేమో.

కెమెరా లేని ల్యాబ్ అయితే? అప్పుడు చికిత్స అయ్యాక సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చి ఎలుక రోగనిరోధక శక్తిని తగ్గించండి, దాక్కున్నవి ఉంటే బయటికి వస్తాయి, ఆ తర్వాత గుండె, పేగు, కండరం తీసి పీసీఆర్ చేయండి. వెలుగు బొమ్మ ఉన్నా సరే ఈ చివరి పరీక్ష చేయాల్సిందే. ఎలుక జాతి విషయంలో, గుండెలో మచ్చ కణజాలం చూడాలంటే సీ3హెచ్ ఎలుకలు, మందు నయం చేసిందా లేదా అంతే చాలంటే బాల్బ్ సీ సరిపోతాయి.

పోల్చుకోవడానికి ఏ మందు

బెంజ్‌నిడజోల్, నిఫుర్టిమాక్స్, మనుషులకు ఉన్నవి ఈ రెండే, రెండూ అరవై డెబ్బై దశకాల నాటివి. అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ పిల్లల కోసం మొదటిదాన్ని 2017లో, రెండోదాన్ని 2020లో ఒప్పుకుంది, అంత ఆలస్యం. రోగికైతే డాక్టర్లు మామూలుగా బెంజ్‌నిడజోల్‌తోనే మొదలుపెడతారు, చర్మం మీద దద్దుర్లు, చేతులు కాళ్లు తిమ్మిర్లు వస్తాయి. నిఫుర్టిమాక్స్‌తో ఆకలి చచ్చిపోతుంది, బరువు తగ్గుతారు, నిద్ర పట్టదు. ల్యాబ్ కంట్రోల్‌కు కూడా బెంజ్‌నిడజోలే తీసుకోండి, ఎలుకకు కిలోకు 100 మిల్లీగ్రాముల చొప్పున 20 రోజులు నోటి ద్వారా ఇవ్వడం అందరూ పాటించే పద్ధతి, మీ ఫలితాన్ని ఇతరుల ఫలితంతో పోల్చుకోవచ్చు.

ఒక జాగ్రత్త. ఈ రెండూ నైట్రో మందులే, పరాన్నజీవిలోని ఒకే నైట్రోరిడక్టేజ్ ఎంజైము వాటిని చురుకైనవిగా మారుస్తుంది, ఆ ఎంజైము తగ్గితే రెండింటికీ ఒకేసారి నిరోధకత వస్తుంది. మీ కొత్త కాంపౌండ్‌లో కూడా నైట్రో గుంపు ఉంటే అది కొత్త దారి కాకపోవచ్చు, ముందు అది తేల్చుకోండి. కొత్త దారులు నిజంగా ఉన్నాయి: ప్రోటియసోమ్‌ను (కణంలో అక్కర్లేని ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రం) ఆపే జీఎన్ఎఫ్6702 అనే కాంపౌండ్ గురించి 2016లో వచ్చింది, లీష్మానియా, టి. క్రూజీ, టి. బ్రూసీ మూడింటి మీదా పనిచేసింది. 2022లో ఏఎన్15368 అనే బోరాన్ మందు టెక్సస్‌లో సహజంగా ఈ వ్యాధి సోకిన కోతులకు ఇస్తే నయమైంది. ఆ పేపర్ చదివిన రోజు నేను చాలా సంతోషపడ్డాను.

పరాన్నజీవిని చంపితే గుండె బాగవుతుందా అన్నది వేరే ప్రశ్న, మీ థీసిస్‌లో రెండింటినీ కలపకండి. 2015లో వచ్చిన బెనిఫిట్ ట్రయల్లో అప్పటికే గుండె దెబ్బతిన్న 2854 మందికి బెంజ్‌నిడజోల్ లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి సగటున ఐదేళ్లకు పైగా చూశారు. రక్తంలో పరాన్నజీవి బాగా తగ్గింది, గుండె సమస్యలు మాత్రం మందు తీసుకున్నవాళ్లలో 27.5 శాతం, ఉత్తుత్తి మాత్రవాళ్లలో 29.1 శాతం, దాదాపు తేడా లేనట్టే. ఆలస్యమైపోయిందని కొందరు, మందు పూర్తిగా తుడిచిపెట్టలేదని కొందరు అంటారు. నేను మొదటిదాన్నే ఎక్కువ నమ్ముతాను, అందుకే పిల్లల్లో, పిల్లలు పుట్టబోయే వయసు ఆడవాళ్లలో ముందే కనిపెట్టి చికిత్స చేయడం మీద పనిచేసే గ్రూపులు నాకు ఇష్టం.

ఏ దేశం, ఇంటికి తిరిగి రావాలనుకుంటే ఏం చేయాలి

బ్రిటన్‌లో టి. క్రూజీ మూడో స్థాయి భద్రత కింద వస్తుంది, అమెరికాలో రెండో స్థాయి. చూడ్డానికి చిన్న తేడా, రోజువారీ పనిలో చాలా పెద్దది: మూడో స్థాయి గదిలోకి వెళ్లాలంటే నెలల ట్రైనింగ్, గది ఖాళీ దొరకాలి, రాత్రి పదకొండుకు ఒక్కరే వెళ్లి ఫ్లాస్క్ చూసి వస్తామంటే కుదరదు. మూడేళ్ల పీహెచ్‌డీలో ఆరు నెలలు దీనికే లెక్కేసుకోండి. బ్రెజిల్ రియోలోని ఫియోక్రూజ్ అనే పరిశోధన సంస్థకు వెళ్లగలిగితే రోగులు, పురుగులు, ల్యాబ్ అన్నీ దగ్గర్లో ఉంటాయి, కానీ కొంత పోర్చుగీసు నేర్చుకోవాలి, నేర్చుకోండి, దానికి భయపడి వదులుకోవద్దు.

పీహెచ్‌డీ తర్వాత హైదరాబాదో వైజాగో వచ్చి ల్యాబ్ పెట్టుకోవాలని ఉన్నవాళ్లు లీష్మానియా గురించి కూడా ఆలోచించండి. చాగస్ వ్యాధి మన దేశంలో లేదు, ఇక్కడ ఆ పని సాగించడం కష్టం. లీష్మానియా వల్ల వచ్చే కాలా అజార్ ఉంది, దాని మీద లక్నో సీడీఆర్ఐలో, కోల్‌కతా ఐఐసీబీలో, పాట్నాలో ఎప్పటి నుంచో పని జరుగుతోంది, టి. క్రూజీ దగ్గర నేర్చుకున్న అమాస్టిగోట్ పరీక్ష, క్రిస్పర్, అన్నీ అక్కడ పనికొస్తాయి. బర్రెలకు, గుర్రాలకు వచ్చే సర్రా వ్యాధి కూడా మరచిపోవద్దు, దానికి కారణమైన టి. ఎవాన్సీ మన పరాన్నజీవికి దగ్గరి చుట్టం. 2004లో మన ఆసిఫాబాద్‌కు అవతల, మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఒక రైతుకు అది సోకింది, సాధారణంగా దాన్ని చంపే ఏపీఓఎల్1 అనే ప్రొటీన్ ఆయన రక్తంలో లేదని తర్వాత తేలింది. పశువైద్య కాలేజీలతో కలిసి ఈ పని చేసే మనుషులు చాలా తక్కువ ఉన్నారు.

ఏ ల్యాబ్ ఎంచుకున్నా చేరిన మొదటి వారంలో, ట్రిపోలను ముట్టుకోకముందే, మీ రక్తం ఇచ్చి యాంటీబాడీ పరీక్ష చేయించుకుని సీరం దాచమని అడగండి. ల్యాబ్‌లో పనిచేస్తూ ఈ వ్యాధి తెచ్చుకున్నవాళ్ల కేసులు పదుల సంఖ్యలో నమోదయ్యాయి, సూది గుచ్చుకోవడం వాటిలో పెద్ద కారణం. ట్రిపోలున్న ద్రవానికి సూది వాడకండి, ఎలుకకు ఎక్కించేటప్పుడు తప్పదు కాబట్టి అప్పుడు పక్కన ఇంకొకరు ఉండాలి, సూదికి మళ్లీ మూత పెట్టొద్దు, కళ్లజోడు తీయొద్దు. మీ ఊళ్లో బెంజ్‌నిడజోల్ ఏ ఆసుపత్రిలో దొరుకుతుందో, ఆదివారం రాత్రి ప్రమాదం జరిగితే ఎవరికి ఫోన్ చేయాలో ఒక కాగితం మీద రాసి హుడ్ (పరాన్నజీవులతో పనిచేసే భద్రతా క్యాబినెట్) పక్కన అంటించండి.